ఖర్జూరం గోడౌనులో చావు

లోపలికి రాగానే ఆ పిల్ల చేసిన మొదటి పని తన వెనక తలుపు గడియ వెయ్యడం. వానకు తడిసిన దుప్పటీ తల మీంచి తియ్యకుండానే గోడకు ఆనుకుని నిలబడింది.

"నేనిక్కడికొచ్చినట్టు ఎవురికీ చెప్పబాకండయ్యా," అంది.

నూర్ మొహమ్మద్ కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

అది పంతొమ్మిదివందల నలభై ఆరు, ఆగస్టు నెల. నరసరావుపేట కోర్టు ఎదుటి సందులో, సైకిలు షాపు మీది గదిలో కృపాదానం ప్రైవేటు దర్యాప్తులు చేస్తుండేవాడు. పన్నెండేళ్లు పోలీసు శాఖలో రైటరుగా చేసి, కేసు కాగితంలోంచి ఒక పెద్దమనిషి పేరు కొట్టెయ్యమన్నందుకు ఉద్యోగం వదిలేసిన మనిషి. కింది సైకిలు షాపు నూర్ మొహమ్మద్‌ది. కృపాదానం ఎక్కడికి బయలుదేరినా షాపు మూసి వెంట నడవడం అతనికి అలవాటు. ఆయన కళ్లకు కనిపించేవి తన కళ్లకు ఎందుకు కనిపించవా అని అతనికి ఎప్పుడూ ఆశ్చర్యమే.

"నీ పేరేమిటమ్మా?" అడిగాడు కృపాదానం.

"జాహెదా. స్టేషను దగ్గర గోవిందరాజులు గారి ఖర్జూరం గోడౌనులో పళ్లు ఏరతా. మా అక్క ఖాతూన్ బీ కూడా అక్కడే. సోమవారం తెల్లారేసరికి గోడౌనులో చచ్చిపడుంది. దొంగతనానికి దూరితే పాము కరిచిందంట. రంజాను నెల్లో, రోజా ఉన్న మనిషి." ఆమె దుప్పటీ అంచుతో ముఖం తుడుచుకుంది. "గుమస్తా దానయ్య ఇంటికొచ్చి, నోరెత్తితే పన్నెండుమంది ఆడోళ్ల పని పోద్దన్నాడు. నాకు డబ్బులొద్దు. మా అక్క దొంగ కాదని తేల్చండి, చాలు."

"కాటు నువ్వు చూశావా?"

"పాతిపెట్టేముందు గుసుల్ స్నానం చేయించింది నేనే. ఎడం మడమ మీద రెండు చుక్కలున్నాయి."

"వాపు?"

"లేదు."

"నెత్తురు?"

"చుక్క కూడా లేదు. మొకం మటుకు ఎర్రంగా ఉంది, నిద్రపోతున్నట్టు."

నూర్ మొహమ్మద్ తల వంచుకున్నాడు. గోవిందరాజులు కొట్లో బస్రా ఖర్జూరం వీశె పదణాలకే దొరుకుతోందని, మిగతా కొట్లలో రూపాయి పావలా అని వీధంతా చెప్పింది అతనే. నిన్న సాయంత్రం రోజా విడిచింది కూడా ఆ పండుతోనే.

గంటలో ఇద్దరూ గోడౌను దగ్గరున్నారు. గోవిందరాజులు మర్యాదగానే మాట్లాడాడు. యాభై ఏళ్లుంటాయి, చలవ చేసిన పంచె, నెమ్మదైన గొంతు.

"పోయినామె మీద నిందెయ్యటం నాకూ ఇష్టం లేదు," అన్నాడు. "తలుపు ఎట్లాగో తీసుకుని దూరింది. ఏం చేస్తాం."

కృపాదానం తాళం చేతిలోకి తీసుకుని చూశాడు. దాని మీద గీత కూడా లేదు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా మొలతాడుకే."

తలుపు చట్రం పొడవునా ఎండిన బంకమట్టి అంటుకుని ఉంది. కిటికీ సందుల్లో కాగితం ముక్కలు అంటించి చించినట్టున్నాయి. లోపల గోడవారగా మూడు బల్లులు వెల్లకిలా పడున్నాయి. చీమల బారు నడుస్తూ నడుస్తూనే చచ్చిపోయినట్టు నేల మీద నల్లటి గీతలా మిగిలింది. ఈతాకు చాపల మూటలు విప్పి పళ్లను గోతాల్లోకి మారుస్తున్నారు. దానయ్య చేతిలో గోతాలు కుట్టే దబ్బనం ఉంది. నూర్ మొహమ్మద్ ఒక పండు చీల్చాడు. లోపల పురుగు. ఇంకొకటి చీల్చాడు. అందులోనూ పురుగే, చచ్చినదే.

"పురుగుల్ని ఎట్లా చంపుతారు?" అన్నాడు కృపాదానం.

"ఎండలో పోస్తామండీ," అన్నాడు దానయ్య.

"మరి ఇంత చవగ్గా ఎట్లా గిట్టుతుంది?"

ఈసారి గోవిందరాజులు జవాబిచ్చాడు. "లాభం తక్కువ వేసుకుంటా. పేదోళ్లు కూడా తినాలిగదా."

బయటికి వచ్చాక నూర్ మొహమ్మద్ ఆగాడు. "సార్, ఆరురోజులుగా ముసురు. ఎండ ఎక్కడుంది?"

కృపాదానం నవ్వి అతని భుజం తట్టాడు. "నువ్వు గూడ్సు ఆఫీసుకు వెళ్లి ఆ సరుకు ఏ పేరుతో వచ్చిందో కనుక్కో. నేను సబ్ ఇన్‌స్పెక్టరును కలుస్తాను."

గూడ్సు గుమస్తా రైలు రసీదు తీసి చూపించాడు. మద్రాసు రేవు నుంచి వచ్చిన ఆ మూటల పేరు దగ్గర ఖర్జూరం అని లేదు. 'పాడైన సరుకు, పశువుల దాణా' అని ఉంది. నూర్ మొహమ్మద్ ఆ మాట మళ్లీ చదివాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి గోడౌను ముందు అందరూ చేరారు. పన్నెండుమంది పళ్లు ఏరే ఆడవాళ్లు, జాహెదా, ఇద్దరు కానిస్టేబుళ్లతో సబ్ ఇన్‌స్పెక్టరు. మాచర్ల వెళ్లాల్సిన లారీ రోడ్డు మీద సిద్ధంగా ఉంది. గోవిందరాజులు గుర్రపుబండి దిగి చుట్టూ చూశాడు.

"దానయ్యేడీ?"

"మా పోలీసు స్టేషనులో ఉన్నాడు, వస్తాడు," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

గోడౌను పక్కనున్న చిన్నగది తలుపుకు చుట్టూ పచ్చి బంకమట్టి మెత్తి ఉంది. గోవిందరాజులు దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అది నూర్ మొహమ్మద్ గమనించాడు.

"లారీ ఆలస్యమవుతోంది," అన్నాడు కృపాదానం. "పాము భయంతో ఎవరూ లోపలికి పోవటం లేదు. మీరే ఒక గోతాం తెచ్చి చూపిస్తే వీళ్లకు ధైర్యమొస్తుంది."

"ఇయాళ తియ్యకూడదు."

"ఎందుకని?"

"తీసినాక ఒక రోజు గాలాడాలి. అప్పటిదాకా ఎవరూ..."

గోవిందరాజులు ఆగిపోయాడు. పైపంచె కొంగు అప్పటికే అతని ముక్కు దగ్గరికి చేరింది.

"ఎండలో పోసిన పండుకు గాలి దేనికండీ?" అన్నాడు కృపాదానం. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగాడు. "ఈ గదిలో ఖర్జూరం తప్ప ఇంకేమీ లేదు. తెల్లవారుజామున కానిస్టేబుళ్లతో కలిసి నేనే మూయించాను."

ఆ మాట పూర్తికాకముందే జాహెదా కదిలింది. నూర్ మొహమ్మద్ తనకు తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆ చెయ్యి తప్పించుకుని, గోళ్లతో మట్టి పెరికి, తలుపు తోసి లోపలికి పోయింది. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆమె గోతాం ఈడ్చుకుంటూ బయటికి వచ్చి గోవిందరాజులు కాళ్ల ముందు పడేసింది.

"మా అక్కను పంపిన రోజు మీరు ఎంత దూరాన నిలబడ్డారు?" అంది.

కృపాదానం నిదానంగా చెప్పుకొచ్చాడు.

"మద్రాసు రేవులో పురుగు పట్టిందని తీసిపారేసిన నిరుటి పండు ఇది. దాణా పేరు మీద కొన్నారు. పురుగుల్ని చంపడానికి, నేను పోలీసు శాఖలో ఉండగా ప్లేగురోజుల్లో ఎలుకల మీద వాడిన పొడి తెచ్చారు. దానికి తేమ తగిలితే విషవాయువు పుడుతుంది. అందుకే తలుపుకు మట్టి, కిటికీకి కాగితం. పురుగుతోపాటు బల్లులూ చీమలూ చచ్చాయి. తలుపు తీశాక పూర్తిగా ఒక రోజు ఆగాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. సోమవారం గురజాల లారీ తొందరలో ఈయన ఆగలేదు. తను పోకుండా ఖాతూన్ బీని పంపాడు. ఆ వాయువు పీల్చి పోయినవాళ్ల ముఖం ఒక్కోసారి అలా ఎర్రబడుతుంది."

"పాము కాటో?" అంది పిచ్చమ్మ, ఆడవాళ్లలో పెద్దామె.

"బతికున్న మనిషిని కరిస్తే నెత్తురొస్తుంది, వాస్తుంది. ఆ రెండు చుక్కలూ ప్రాణం పోయాక దబ్బనంతో పొడిచినవి. తాళం పగలలేదు, తాళంచెవి ఈయన మొలతాడుకే ఉంది. మరి తలుపు తీసిందెవరు?"

అప్పుడే కానిస్టేబులు దానయ్యను తీసుకొచ్చాడు. అతను జాహెదా ముఖంలోకి చూడలేకపోయాడు.

"అయ్యగారు పొడవమంటే పొడిచా," అన్నాడు. "దొంగని కూడా ఆయనే చెప్పమన్నాడు. డబ్బా నూతిలో పడేశా, చూపిస్తా."

గోవిందరాజులు ఆడవాళ్ల వైపు తిరిగాడు, గొంతులో మర్యాద పోయింది. "ఏందే చూస్తారు? ఈ కొట్టు మూతపడితే మీ పొయ్యిలో పిల్లి లేవదు. చవగ్గా కావాలని ఊరంతా నా కొట్టు ముందు నిలబడలా? ఈ నూర్ మొహమ్మద్ కొనలా?"

"కొన్నా," అన్నాడు నూర్ మొహమ్మద్. అతని ముఖం కందిపోయింది. "నలుగురి చేతా కొనిపించా. ఆ మిగిలిన పదణాలు ఎవరి దగ్గర్నించి వస్తన్నాయో అడగలా. అది నా తప్పు. కోర్టులో కూడా ఇదే చెప్తా. రసీదులో దాణా అని చూసింది కూడా చెప్తా."

"బస్రాలో చెట్టెక్కి కోసినవాడి చేతిలో ఏం పెట్టారో మనకు తెలియదు," అన్నాడు కృపాదానం. "ఇక్కడ ఎవరి ప్రాణం తీసుకున్నారో మాత్రం తెలిసింది."

పిచ్చమ్మ వెళ్లి లారీ ముందు బైఠాయించింది. ఒక్కొక్కరే మిగతా ఆడవాళ్లూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. డ్రైవరు కాసేపు చూసి ఇంజను ఆపేశాడు.

"పని పోతే పోనీ," అంది పిచ్చమ్మ. "ఒక్క గోతాం కదిలితే మా మీంచి పోవాల్సిందే."

సబ్ ఇన్‌స్పెక్టరు గోతాం మీద కూర్చుని జాహెదా వాంగ్మూలం రాసుకున్నాడు. చివర కలం ఆపి, ఇబ్బందిగా చూశాడు.

"కేసు నిలబడాలంటే డాక్టరు చూడాలమ్మా. సమాధి తవ్వి శవాన్ని తియ్యాల్సి వస్తుంది. మీవాళ్లు ఒప్పుకోకపోవచ్చు."

జాహెదా కళ్లు మూసుకుంది. నూర్ మొహమ్మద్ ఆమె పెదవులు కదలడం చూశాడు. కళ్లు తెరిచినప్పుడు అక్కడ తడి ఉంది గానీ భయం లేదు.

"మావాళ్లతో నేను మాట్లాడుకుంటా. తియ్యండి. కానీ ఆ కాయితంలో ముందు ఒక మాట రాయండి. ఖాతూన్ బీ దొంగ కాదు, యజమాని పంపితేనే పోయిందని. అది రాసినాకే నా వేలిముద్ర."

ఆయన రాశాడు.

"చదవండి."

ఆయన చదివాడు. కొట్ల ముందు జనం గుమిగూడారు. రైలు స్టేషనువైపు నుంచి వచ్చేవాళ్లు కూడా ఆగారు.

"ఆ చివరోళ్లకు ఇనపళ్లా," అంది లారీ ముందు నుంచి పిచ్చమ్మ.

సబ్ ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి, గొంతు పెంచి, మొదటినుంచీ మళ్లీ చదివాడు.