జిరాక్స్ మీద పది ఇరవై

మంగళవారం ఉదయం 9:40. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్న పేషెంటును వార్డుకు తిప్పి పంపేశారు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఆగిపోయింది.

పేషెంటు ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ అందరికీ పెద్దక్క. బ్లీచింగ్ ఆవిరికి ఊపిరితిత్తి పాడైంది.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. 'పాలసీ వయసు నాలుగేళ్ళు. జబ్బు వయసు ఆరేళ్ళు. దాచిపెట్టింది.' సాక్ష్యంగా పాత ప్రిస్క్రిప్షన్ జిరాక్స్. దాని మీద పెద్దక్క పేరు.

మధ్యాహ్నం 2:15కి కంపెనీ ఇన్వెస్టిగేటర్ లాండ్రీకి వచ్చాడు. ముగ్గురిని పిలిపించాడు. సూపర్‌వైజర్. అక్కడే దుప్పట్లు మడతపెట్టే ఆమె, పెద్దక్కకు ఆడపడుచు. పెద్దక్క పక్క మిషన్ మీద పనిచేసే ఆమె, అందరూ పొట్టి అంటారు.

"ఆమెతో ఎవరికి పడదు?"

"ఇంట్లో మాటామాటా అనుకుంటాం సార్. వదిన ప్రాణం తీసేంత కాదు," అంది ఆడపడుచు.

"నాకేం ఒరుగుతుంది సార్?" అన్నాడు సూపర్‌వైజర్.

పొట్టి తల దించుకునే చెప్పింది. "ఇద్దరం ఒకేరోజు చేరాం. దాన్ని పర్మనెంట్ చేసి ఇన్సూరెన్స్ కార్డిచ్చారు. నేనింకా కాంట్రాక్టే."

"కుళ్ళుకున్నావా?"

"కుళ్ళుకోనా మరి?"

ఇన్వెస్టిగేటర్ ఆరేళ్ళ నాటి హాజరు రిజిస్టర్ తెప్పించాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు.

"జిరాక్స్‌లో పేరే చూశాం. క్లినిక్ స్టాంపు చూడలేదు. అందులో తేదీతో పాటు టైమూ ఉంది, ఉదయం 10:20. ఆ రోజు ఆ టైముకి పెద్దక్క ఇక్కడే డ్యూటీలో ఉంది. అంటే చీటీ ఇంకొకరిది. పేరు తర్వాత అతికించారు. ఆ రోజు సెలవు పెట్టింది ఒక్కరే."

రిజిస్టర్‌ను పొట్టి వైపు తిప్పాడు.

"చీటీ నీది. జబ్బూ నీదే."

పొట్టి బుకాయించలేదు. "ఒకే ఆవిరి పీల్చాం సార్. నేను ఆరేళ్ళుగా మందులు కొనుక్కుని మింగుతున్నా. దానికేమో ఏసీ గది, ఆపరేషన్. కడుపు మండింది. నాకు లేనిది దానికీ ఉండకూడదనుకున్నా."

"ఆమె చచ్చిపోయేది."

"నేనూ అంతేగా. నా కోసం ఎవరైనా ఎంక్వైరీకి వచ్చారా?"

ఇన్వెస్టిగేటర్ రిజిస్టర్ మూసేశాడు.

4:30కి క్లెయిమ్ శాంక్షన్ అయింది. ఐదింటికి సూపర్‌వైజర్ రిజిస్టర్‌లో పొట్టి పేరు కొట్టేశాడు. కాంట్రాక్టు మనిషికి నోటీసు అక్కర్లేదు.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఆడపడుచు వార్డులో కూర్చుని జరిగిందంతా చెప్పింది. తిట్టిపోస్తుందనుకుంది. పెద్దక్క గోడ వైపు తిరిగింది.

"ఆరేళ్ళా?" అంది. "పక్కనే దగ్గేది. ఒక్కసారైనా అడగలేదే నేను."