దిష్టి తగలకూడదని

"రిహాబ్! తలుపు తియ్యవే తల్లీ... నా గుండె ఆగిపోయేలా ఉంది!"

వాకిలి పక్కనున్న స్నానాల గది తలుపును నజీహా దబదబా బాదుతోంది. లోపల పదిహేనేళ్ల కూతురు ఊపిరందక రొప్పుతోంది. కైరవాన్ ఊళ్లో పరీక్ష పెట్టి ఏరిన పిల్లల్నే చేర్చుకునే పెద్దబడిలో సీటు వచ్చింది మొదలు ఇదే వరస! పొద్దున లేస్తే వాంతులు, అరచేతుల్లో చెమటలు... ఒంట్లో ఏ జబ్బూ లేదన్నాడు డాక్టరు. ఇది దిష్టేనని తేల్చేసింది నజీహా. సాంబ్రాణి పొగ వేసింది, ఉప్పు తిప్పింది. ఎవరి కళ్లూ పడకూడదని, అడిగిన వాళ్లందరి దగ్గరా కూతుర్ని తీసిపారేస్తూ వచ్చింది.

ఇందాకా అంతే! ఏడాదికి సరిపడా కుస్‌కుస్ గోధుమరవ్వ చెయ్యడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు వాకిట్లో పెద్ద పళ్లేల ముందు చేరారు. "సోమవారం నుంచే కదూ బడి?" అంది పక్కింటి వసీలా. "ఆ... ఏదో అదృష్టం కొద్దీ గట్టెక్కింది. దాని బుర్రలో ఏముందక్కా, మట్టి!" అనేసింది నజీహా. వసీలా మాత్రం తక్కువ తిందా? తలుపంత కొడుకును పట్టుకుని "మావాడు రోగిష్టి" అని నిట్టూర్చింది. ఆ వాకిట్లో ఏ తల్లీ తన బిడ్డను మెచ్చుకోదు మరి! రిహాబ్ చేతిలోని జల్లెడ వదిలేసి స్నానాల గదిలోకి పరుగెత్తి గడియ పెట్టుకుంది.

"నువ్వే అన్నావుగా అమ్మా... మట్టిబుర్రనని! సోమవారం అక్కడ అందరికీ తెలిసిపోతుంది. నేను వెళ్లను!"

నజీహా నిలువునా నీరైపోయింది. "దిష్టి తగలకూడదని అన్నానే! నిజమనుకున్నావా?"

"రోజూ వింటుంటే నిజమనుకోనా?"

వెనకాల అత్తగారు ముక్కు చీదింది. "నీ మొగుణ్ణి పెళ్లయ్యేదాకా దద్దమ్మ అనే అన్నాను కోడలా. ఇప్పటికీ పనికి వెళ్లేముందు కడుపు పట్టుకుని కూర్చుంటాడు... ఎందుకో నాకిప్పుడు తెలిసింది!"

నజీహా కళ్లు తుడుచుకుని వాకిట్లోకి తిరిగింది.

"వినండమ్మా! నా కూతురు తెలివైనది. అదృష్టంతో కాదు, కష్టపడి చదివి తెచ్చుకుంది ఆ సీటు!"

పళ్లేల్లో చేతులు ఆగిపోయాయి. అయ్యో, అందరి ముందూ అనేసిందే! నజీహా ఊపిరందక గోడకు ఆనుకుంది...

గడియ తీసిన చప్పుడు. తడిముఖంతో వచ్చిన రిహాబ్ తల్లి చెయ్యి పట్టుకుంది.

"కూర్చో అమ్మా. మెల్లగా వదులు ఊపిరి... నాకూ ఇలాగే ఉంటుంది. కాసేపటికి తగ్గుతుందిలే."

"రోజూ ఇంత భయం మోస్తున్నావా నా తల్లీ!" నజీహా కూతుర్ని కావలించుకుని భోరుమంది.

"మాషా అల్లా!" అని దిష్టి తగలకుండా దేవుణ్ణి తలుచుకుంది వసీలా. ఆ వెంటనే, "నిజం చెప్పొద్దూ, మావాడికీ ఏ రోగమూ లేదు, పూటకో కుండెడు తింటాడు" అంది. ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు.

సోమవారం పొద్దున రిహాబ్ మళ్లీ స్నానాల గదిలోకి పరుగెత్తింది. నజీహా పొగ వెయ్యలేదు. "నాకూ దడగానే ఉందే. పద, ఇద్దరం కలిసే భయపడదాం" అని చెయ్యి పట్టుకుని బడిదాకా నడిచింది. గేటు దగ్గర ముందుగా చెయ్యి వదిలింది రిహాబే!