మేమా, మనమా

"ప్రార్థనల 'మనం' అన్నడు అయ్యగారూ. 'ప్రభువా, మనం పాపులం' అన్నడు. దేవుణ్ణి గూడ పాపుల్ల కలిపిండు."

ఆ మాత్రం చెప్పి స్రవంతి కూర్చుంది. క్లాసంతా నవ్వింది. పల్పిట్ మీద చేతులు ఆనించి నిలబడ్డ భానుచందర్ నవ్వలేదు.

హన్మకొండలోని ఆ బైబిల్ కాలేజీలో శుక్రవారం ప్రసంగాల క్లాసు. ఒకరు ప్రసంగించి ప్రార్థన చేస్తారు, ఇంకొకరు తప్పులు చెబుతారు. ఆ ఇంకొకరు ఎవరో సదానందం అయ్యగారు అప్పటికప్పుడు పిలుస్తారు. ఆ రోజు కాజీపేట రైల్వే గార్డు కూతురు స్రవంతిని పిలిచారు. దేవునితో 'మేము', జనంతో 'మనం' అని ఆయన మొదట్లోనే నేర్పారు. భానుచందర్‌కు గుర్తుంది. నోటికే గుర్తులేదు.

వచ్చే శుక్రవారం మళ్లీ చెప్పాలన్నారు అయ్యగారు. అదీ తప్పితే క్రిస్మస్‌కు ప్రసంగించడానికి ఏ సంఘానికీ పంపరు, ఆ ఏడాది మళ్లీ చదవాలి. కేసముద్రం మార్కెట్లో మక్కజొన్న బస్తాలు మోసే తండ్రికి ఆ మాట ఎట్లా చెప్పాలో అతనికి తోచలేదు.

ఆ తర్వాత అతను స్రవంతి వైపు చూడలేదు. ఆమె బెంచీ ఖాళీగా ఉన్నట్టే నడిచాడు. అయినా ఆమె చూపుడువేలికి సిరా అంటిందని, చెవి దగ్గర జుట్టు తడిసి ఉందని అతనికి తెలుసు.

బుధవారం వాన పట్టింది. మెస్ వరండాలో ఆమే వచ్చి పక్కన నిలబడింది.

"కోపమా బ్రదర్?"

"నిజం చెప్పినవ్. కోపమెందుకు సిస్టర్."

"మరి గోడ దిక్కు చూస్తానవేంది?"

అతను గోడ వైపే చూశాడు. చాపెల్ ఖాళీగా ఉందని, ఒకసారి తనకు వినిపించమని ఆమె అంది. ఇద్దరే ఉన్నప్పుడు ఈ బ్రదర్, సిస్టర్ వద్దని కూడా అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గోడ వైపు చూసింది.

చాపెల్లో భయానికి అతను ప్రసంగంలో కూడా 'మేము' అన్నాడు.

"అంటే అండ్ల నేను లేనట్టేనా?" అంది వెనక బెంచీ నుంచి. "నన్ను బయట కూసోబెట్టినవ్."

మళ్లీ చెప్పాడు. మళ్లీ తప్పాడు. వాన తగ్గేసరికి ఆమె ముఖంలో నవ్వు పోయింది. శుక్రవారం తననే పిలిస్తే తప్పును తప్పనే చెబుతానని, అబద్ధం తనకు రాదని చెప్పి వెళ్లిపోయింది.

శుక్రవారం ఆమెనే పిలిచారు.

తప్పిపోయిన గొర్రె గురించి చెప్పాడు భానుచందర్. మనలో ఒకరు తప్పిపోతే మనం ఎంత దూరం వెతుకుతూ పోతామని అడిగి ఆగాడు. 'మనం' సరిగ్గా పడింది. ఇక ప్రార్థన మిగిలింది.

కళ్లు మూశాడు. "ప్రభువా," అన్నాడు. తర్వాతి మాట రాలేదు. ఫ్యాన్ చప్పుడు వినిపించింది. ఎవరో దగ్గారు. స్రవంతి కళ్లు తెరిచే ఉంది. 'మేము' అని పెదవులతో చూపించబోయి ఆగింది. కళ్లు మూసుకున్నవాడికి ఏం చూపిస్తుంది.

"ప్రభువా, నేను పాపిని," అన్నాడు. "తప్పిపోయిన. నన్ను ఎతుకు."

ముగిసిందో లేదో తెలియక క్లాసు ఊరుకుంది. ఒక్క గొంతు ఆమేన్ అంది. అది స్రవంతిది. తప్పులు చూసేవాళ్లు ఆమేన్ అనరు, ఆ క్లాసులో అది రివాజు.

అయ్యగారు ఆమెను లేవమన్నారు.

"తప్పే అయ్యగారూ. సంఘం తరఫున 'మేము' అనాలె. 'నేను' అన్నడు. కని నేను ఆమేన్ అన్న. నాకు తెల్వకుంటనే అన్న."

అయ్యగారు మార్కుల పుస్తకం మూశారు. తప్పులు వెతికే మనిషి చేత ఆమేన్ అనిపించినవాణ్ణి ఆపడం తనకు చేతకాదని, క్రిస్మస్‌కు వెళ్లమని అన్నారు.

గేటు దగ్గర సన్నగా వాన. చివరి క్షణంలో మాట ఎందుకు మార్చావని ఆమె అడిగింది.

"'మేము' నోటిదాంక వచ్చింది," అన్నాడు భానుచందర్. "'మేము పాపులం' అంటే అండ్ల నువ్వు గూడ ఉంటవ్ గదా. నిన్ను కలుప మనసొప్పలే."

స్రవంతి గొడుగు తెరవబోయి ఆగింది. ఇద్దరి మీదా వాన పడుతోంది.

"నేనేం దేవదూతనా," అంది. "నన్ను గూడ కలుపు."