తప్పులక్క గది

ఆ ప్రెస్సులో మేడ మీద, మెట్లెక్కగానే కుడిచేతి వైపు ఉన్న గదిలోకి పొద్దు వాలాక ఎవరూ వెళ్లరు. పగలు కూడా అవసరం పడితేనే వెళతారు, పని అయిందనిపించుకుని వెనక్కి చూడకుండా దిగిపోతారు. రాత్రి ఆ గదిలో ఏ కాగితం వదిలేసినా తెల్లారేసరికి దాని మీద ఎర్రసిరాతో దిద్దుబాట్లు పడతాయని చెప్పుకుంటారు. ఒకసారి మిషను మేస్త్రీ తన సెలవు చీటీ అక్కడ మరిచిపోయాడట. పొద్దున చూసుకుంటే 'జ్వరం' అన్న మాట కొట్టేసి, పక్కన 'బద్ధకం' అని రాసి ఉందట. ఆయన సెలవు మానుకుని ఆ రోజంతా నోరెత్తకుండా పనిచేశాడు.

ఇదంతా నాకు చెప్పింది ఆ ప్రెస్సు వాచ్‌మన్. కోతలు కోయని మనిషని చెప్పను గానీ, ఈ సంగతిలో ఆయన రిజిస్టరు కూడా సాక్ష్యమే కాబట్టి, ఇందులో మాత్రం కోయలేదనే అనుకుంటున్నాను.

తప్పులక్క అంటే ఆ గదిలో కూర్చుని ప్రూఫులు దిద్దిన ఆవిడ. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. అచ్చుకెళ్లే ప్రతి పేజీ ముందు ప్రూఫు గది ఈమెయిల్‌కి, అంటే ఆమె దగ్గరికి, వెళ్లాలి. దాన్ని కాగితం మీదకి తీసి, ఎర్రపెన్నుతో దిద్ది, తప్పులన్నీ పోయాయని నమ్మకం కుదిరాక, కింద 'సరే' అని రాసి సంతకం పెట్టేది. ఆ 'సరే' పడితేనే మిషను తిరగాలి.

పన్నెండేళ్లు అలాగే నడిచింది. ఆ తర్వాత ఒక పరీక్ష హాల్ టికెట్లలో తేదీ తప్పు పడింది. పద్నాలుగు ఉండాల్సిన చోట ఇరవై నాలుగు. రెండు వందల మంది పిల్లలు, పరీక్ష అయిపోయిన పది రోజులకి, పెన్నులు పట్టుకుని వచ్చి మూసిన గేటు ముందు నిలబడ్డారు.

తాను దిద్దానంది ఆవిడ. పద్నాలుగని ఎర్రగా వేసి సంతకం పెట్టానంది. మరి ఆ ప్రూఫు కాగితం ఏది? ఎంత వెతికినా దొరకలేదు. ఓనరు అందరి ముందూ ఆమెను మెట్లు దిగిపొమ్మన్నాడు. ఆవిడ తిండి మానేసింది, మనుషుల్లోకి రావడం మానేసింది, నాలుగు నెలలు తిరక్కుండానే పోయింది. కింద బైండింగులో కాగితాలు మడతపెట్టే ఆవిడ చెల్లెలు మాత్రం పని మానలేదు. మానితే పూట గడవదు మరి.

ఇదంతా జరిగి నాలుగేళ్లు.

ఇక మన ఆపరేటరు సంగతి. కంప్యూటరు మీద పేజీలు పెట్టేవాడు. యాభై దాటిన మనిషి. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మేనేజరు కుర్చీ నీదేనని ఓనరు మాటిచ్చాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆపరేటరు కాళ్లు నేల మీద నిలవడం లేదు. తన గొప్పలు నలుగురికీ చెప్పుకోవాలని ఒకటే తహతహ.

"అయితే బ్లాగు మొదలుపెట్టు నాన్నా," అంది కూతురు ఫోనులో. "డబ్బులేం అక్కర్లేదు. రాసుకో, పబ్లిష్ నొక్కు. లోకమంతా చదువుతుంది."

"లోకమంతానా..."

"ఊఁ. అది అడిగినవాటికి జవాబు చెప్పుకుంటూ పో, అంతే."

కూతురు వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటి ఉంది. ఇంట్లో నెట్ లేదు, ఆయన చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఓనరుది తప్ప ప్రెస్సు కంప్యూటర్లలో మెయిలుకు మించి ఏదీ తెరుచుకోదు. లాప్‌టాప్‌కి పనికొచ్చే నెట్ పెట్టె ఉన్నది... మేడ మీద ఆ గదిలోనే. గోడ దాటితే సిగ్నల్ అందదు. నలుగురూ వద్దన్నారు. "దెయ్యాలు నెట్ వాడవులే," అని నవ్వేసి, ఒక గురువారం సాయంత్రం ఆరింటికి, మిషన్లు ఆగాక, మెట్లెక్కి తప్పులక్క బల్ల మీదే లాప్‌టాప్ తెరిచాడు.

బ్లాగు పేరేమిటని అడిగింది. 'అక్షర సేవలో ముప్పై ఏళ్లు' అని కొట్టాడు. రంగులు చూపించింది, నీలం ఎంచుకున్నాడు. ఇంకేవేవో అడిగింది, చదవకుండానే జవాబులిచ్చాడు. ఒక గడిలో ఇంకెవరి ఈమెయిల్ చిరునామానో కూడా అడిగితే, చేతికి అలవాటైనదేదో కొట్టేసి ముందుకెళ్లాడు. అక్షరాలకు రంగు ఎలా వేయాలో అరగంట వెతికి, దొరక్క వదిలేశాడు. అంత పెద్ద పేజీలు పెట్టిన మనిషి, ఈ చిన్న తెల్ల కాగితం ముందు కొత్తగా బళ్లో చేరిన పిల్లాడిలా చెమటలు కక్కాడు.

మొదటి ముక్క ఇలా రాశాడు — 'నేను చేరిన తొలిరోజే నా పనితనం చూసి ఓనరుగారు ఆశ్చర్యపోయారు.' పబ్లిష్ నొక్కాడు. గుండె ఉప్పొంగింది.

మర్నాడు సాయంత్రం తెరిచి చూస్తే అక్కడ ఇలా ఉంది — 'నేను చేరిన తొలిరోజే రెండు రీముల కాగితం పాడుచేశాను. ఓనరుగారు ఆశ్చర్యపోయారు.'

అది నిజమే. నిజం కాబట్టే ఒళ్లు జలదరించింది.

ఫోను తీశాడు. "అమ్మాయ్... రాసింది దానంతటదే మారుతుందా?"

"ఎలా మారుతుంది నాన్నా? నిద్రమత్తులో నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

కావచ్చు అనుకున్నాడు. కావాలని కోరుకున్నాడు.

తప్పు సరిచేసి, రెండో ముక్కకు దిగాడు. ఓనరు ఆదివారం తీరిగ్గా చదువుతానన్నాడు. కుర్చీ ఎక్కేలోపు ఆ పాత హాల్ టికెట్ల గొడవ తన మాటల్లో ఒకసారి పడిపోతే, ఇక ఎవరూ తవ్వరని ఆయన ఎత్తు. 'పాపం, ఆవిడ మంచిదే. కానీ ఆ తేదీ తప్పు ఆవిడదే. ఆ రోజు ప్రెస్సు పరువు నేనే కాపాడాను,' అని రాశాడు. పబ్లిష్ నొక్కేటప్పుడు వేలు ఒక్క క్షణం ఆగింది... నొక్కింది.

అసలు సంగతి మీకు చెప్పాలి. ఆ తప్పు ఆపరేటరుదే. తప్పులక్క దిద్దింది. ఆమె దిద్దినట్టే ఈయన ఫైలు మార్చాడు కూడా. కానీ ఆ రాత్రి తొందరలో, దిద్దిన ఫైలు బదులు దిద్దని పాత ఫైలు తెరిచి అచ్చుకు పంపాడు. గొడవ మొదలవగానే ఆమె సంతకం ఉన్న ప్రూఫు తీసి దాచేశాడు. చించి పారేస్తే పోయేది. కానీ సంతకం పడ్డ ప్రూఫును ప్రెస్సులో పుట్టిపెరిగినవాడు చింపడు, చింపితే చేతులు పడిపోతాయని వాళ్ల నమ్మకం. మనిషి బతుకు చింపడానికి మాత్రం ఆ నమ్మకం అడ్డురాలేదు.

శనివారం సాయంత్రం ఏడు దాటాక మళ్లీ ఆ గదిలో కూర్చున్నాడు. కింద వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. బ్లాగు తెరిచాడు.

'ఆ తేదీ తప్పు నాదే' — అని ఉంది.

'ఆవిడదే' అని మార్చాడు. పేజీ మూసి తెరిచాడు.

'నాదే.'

మళ్లీ మార్చాడు. మళ్లీ తెరిచాడు.

'నాదే.'

ఈసారి ఆయన ఏమీ ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆ మాట కింద కొత్త వరుస వచ్చి నిలిచింది.

'ప్రూఫు దాచింది ఎవరు?'

లేవబోయి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. కుర్చీ... తాను కూర్చున్నది ఆవిడ కుర్చీ అని అప్పుడు గుర్తొచ్చింది. చేతికి తగులుతున్న ఆ నున్నటి అరుగుదల ఆవిడ మోచేతిది.

"అక్కా..." అన్నాడు గొంతులోనే.

తెర మీద ఆ ప్రశ్న అలాగే ఉంది. దాని కింద, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు — 'నేనే అక్కా. పాత ఫైలు పంపింది నేనే. కాగితం దాచింది నేనే. నన్ను వదిలెయ్.'

ఇది తనకూ ఆవిడకూ మధ్యే అనుకున్నాడు వెర్రివాడు. అప్పటికే పబ్లిష్ అయిన పేజీలో ఏం మార్చి సేవ్ నొక్కినా లోకమంతా చూస్తుందని ఆయనకెవరూ చెప్పలేదు.

పేజీ మరోసారి మారింది.

'ఎక్కడ?'

అంతే. లాప్‌టాప్ అలాగే వదిలేసి మెట్ల మీద పడుతూ లేస్తూ దిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాడు. ఎనిమిది గంటల ఐదు నిమిషాలు. పేరు సగమే రాశాడట. ఆ వెంటనే వాచ్‌మన్ మేడకీ గేటుకీ తాళాలు వేశాడు.

ఆదివారం ప్రెస్సు సెలవు. ఆపరేటరు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. నిన్న రాసింది చెరిపేద్దామంటే నెట్ ఆ గదిలోనే ఉంది. ఆ గదికి వెళ్లే ధైర్యం ఈ జన్మకు లేదు. అవతల ఓనరు తీరిగ్గా చదువుతూ ఉంటాడు... ఆ తలపు రాగానే దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

సోమవారం పొద్దున పిలుపు వచ్చింది. ఓనరు గదిలో ఓనరు ఉన్నాడు, వాచ్‌మన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, గోడ వారగా తప్పులక్క చెల్లెలు ఉంది. బల్ల మీద దుమ్ము పట్టిన ఒక కాగితం. మడతలు విప్పి ఉంది. ఇరవై నాలుగు మీద ఎర్రటి గీత, పక్కన పద్నాలుగు, కింద 'సరే', సంతకం.

ఆపరేటరు దాన్ని చూసి గోడ పట్టుకున్నాడు. "దెయ్యం... దెయ్యం పట్టించింది నన్ను," అన్నాడు.

"దెయ్యం కాదు. నేనే," అంది చెల్లెలు.

ఆమె నెమ్మదిగానే చెప్పింది. ప్రూఫు గది ఈమెయిల్ అక్క తన ఫోనులో పెట్టుకుంది. అక్క పోయాక ఆ ఫోను ఈమె దగ్గరే ఉంది. గురువారం రాత్రి దానికి ఒక కబురు వచ్చింది — ఫలానా బ్లాగులో మీరు కూడా రాయవచ్చు, దిద్దవచ్చు, ఒప్పుకుంటారా అని. పన్నెండేళ్లు ప్రతి పేజీనీ ఆ చిరునామాకే పంపిన చెయ్యి, ఆ గడిలో కూడా దాన్నే కొట్టింది మరి.

"ఒప్పుకున్నాను," అంది. "రీములు పాడుచేసిన సంగతి ప్రెస్సులో విని, అక్క ఇంట్లో చెప్పి నవ్వేది. తేదీ తప్పు మీదేనని నాకు ముందునుంచీ అనుమానం, చేతిలో రుజువు లేదు. నాలుగేళ్లు మీ పేజీలే మడతపెట్టాను అన్నయ్యా. ఒక్కో మడతకీ, మీరు ఏడ్చే రోజు రావాలని కోరుకున్నాను. అందరి ముందూ, మా అక్క ఏడ్చినట్టే."

ఆయన నిజంగానే ఏడ్చాడు. అయితే ఆ ఏడుపులో కొంత ఊరట కూడా ఉంది. దెయ్యం కాదు, మనిషే. మనిషిని బతిమాలుకోవచ్చు.

"మెట్లు దిగిపో," అన్నాడు ఓనరు. నాలుగేళ్ల కిందట అన్న అవే మాటలు, అదే గొంతు. మాట పూర్తయ్యాక మాత్రం ఆయన చెల్లెలి వైపు చూడలేక తల దించుకున్నాడు.

ఆపరేటరు గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అమ్మా... ఒక్కటి చెప్పు. కాగితం ఉన్న చోటు నీకెలా తెలిసింది?"

చెల్లెలు ఆయన్ని వింతగా చూసింది. "నాకెలా తెలుస్తుంది? 'ఎక్కడ' అని అడిగి ఫోను పట్టుకుని కూర్చున్నాను. పావుగంటకి మీరే రాశారుగా."

"నేను రాయలేదు."

"మీరే రాశారన్నయ్యా. కటింగు మిషను వెనక, ఎడమ పలక సందులో అని. అది చూసే కదా ఓనరుగారు పొద్దున్నే పలక ఊడదీయించారు."

"నేను రాయలేదమ్మా... నేను పారిపోయాను."

ఓనరు తన కంప్యూటరులో ఆ పేజీ తెరిచాడు. పక్కన చివరిసారి మార్చిన సమయం ఉంది — శనివారం, రాత్రి ఎనిమిది ఇరవై. వాచ్‌మన్ వెళ్లి రిజిస్టరు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఎనిమిది ఐదు. సగం పేరు.

"ఈ రంగు..." అంది చెల్లెలు, తెర దగ్గరికి వంగి. "శనివారం నా ఫోనులోనూ ఎర్రగానే కనిపించింది, మీరే వేశారనుకున్నాను. రంగు ఎలా వేస్తారో నాకు తెలీదు."

"నాకూ తెలీదు," అన్నాడు ఆపరేటరు.

పైవన్నీ నల్లటి అక్షరాలే. పలక సందు సంగతి చెప్పిన ఆ ఒక్క వరుస మాత్రం ఎర్రగా ఉంది. దాని కింద కాస్త చోటు వదిలి, పేజీ చివర, అంతే ఎర్రగా ఇంకొక్క మాట ఉంది.

సరే.