సొరంగంలో దగ్గు

నేల కింద రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్ అది. ఒక రైలు దిగి ఇంకో రైలెక్కాలంటే పొడవాటి సొరంగంలో నడవాలి. నెల్లాళ్లుగా దానికి చెడ్డపేరు. రాత్రయితే అక్కడ ఎవరో దగ్గుతారట... మనిషి మాత్రం కనపడడట.

తవ్వకాల్లో పోయిన కూలీ అని పైన ఫ్లాట్లలో ఒకరన్నారు. కాదు, రైలు కింద పడ్డ గుమాస్తా అన్నారు ఇంకొకరు.

"పనిలేని మొహాలు!" అనేది ఆ ఫ్లాట్లలోనే జాకెట్లు కుట్టే ఆవిడ. "లిఫ్టులో పక్కింటివాడు ఎదురైతే పలకరించరు గానీ, దెయ్యం పుట్టుపూర్వోత్తరాలు మాత్రం కావాలి!"

అంతలో ఆవిడ కూతురికి అక్కడే ఉద్యోగమొచ్చింది. ఆఖరి రైలు వెళ్లాక సొరంగం ఆ చివరిదాకా నడిచి, "ఎవరైనా ఉన్నారా?" అని మూడు కేకలేసి, ఎవరూ లేరని పుస్తకంలో సంతకం పెట్టాలి. అప్పుడే షట్టరు దించాలి.

వారం తిరక్కుండా రెండుసార్లు సగంలోంచే పరిగెత్తుకొచ్చింది పిల్ల. ఇంకోసారి ఇలా చేస్తే ఉద్యోగం ఊడుతుందన్నాడు పై అధికారి.

"కేకేస్తే దగ్గుతోందమ్మా..."

"దగ్గే దెయ్యమా? ఓ మందుబిళ్ల పడేసి రాకపోయావా! ఇరవయ్యేళ్లు మీ నాన్నతో వేగాను, నాకు దెయ్యాలొక లెక్కా? ఇవాళ నేనొస్తా పద."

ఆ రాత్రీ ఆవిడ భర్త ఎప్పట్లాగే తొమ్మిదింటికి క్యారేజీ సంచీ పట్టుకుని వాచ్‌మన్ డ్యూటీకి వెళ్లాడు. స్టేషన్ గేటు దగ్గర కూతురికి చేయి ఊపి రైలు కోసం మెట్లు దిగాడు.

ఆఖరి రైలు వెళ్లిపోయింది. సగం దీపాలు ఆర్పేశారు. తల్లీకూతుళ్లు నడుస్తున్నారు.

"ఎవరైనా ఉన్నారా?"

నిశ్శబ్దం.

"ఎవరైనా... ఉన్నారా?"

వాళ్ల గొంతే తిరిగొచ్చింది.

మూడో కేక పూర్తికాలేదు — ఖళ్... ఖళ్...

కూతురు గోడకి అతుక్కుపోయింది. ఎప్పుడో పనులాపేసి రేకు అడ్డంపెట్టిన మూల అది. ఆవిడ టార్చి లాక్కుని వెళ్లి రేకు జరిపింది.

వెలుగు ముందు ఒక సంచీ మీద పడింది. కర్టెన్ ముక్కలు... నీలం పూలు... ఎర్ర అంచు.

తన కుట్టే.

పక్కన అట్టముక్క మీద ముడుచుకుని ఆయన. పెదవుల మీద వేలు.

"ఉద్యోగంలోంచి ఎప్పుడు తీసేశారు?" గుసగుసగా అడిగింది ఆవిడ.

"నెల దాటింది... పిల్లకి చెప్పకే."

"అమ్మా... ఏంటది?" దూరంనుంచి కూతురు.

దులిపేయడానికి ఆవిడ నోటినిండా మాటలున్నాయి. అయినా సంచీ భుజాన వేసుకుంది. ఆయన చెయ్యి పట్టి లేపింది. చల్లగా ఉంది.

"దెయ్యమేనే!" అని గట్టిగా అంది. "మనింటిదే. పైకి తీసుకొస్తున్నా... నువ్వెళ్లి సంతకం పెట్టుకో. ఇక్కడింకెవరూ ఉండరు."