ఇద్రిస్ గారి కుర్చీ

"లేవండి! ఆ కుర్చీలో మనిషున్నారు."

డాక్టర్ గెథిన్ ఉలిక్కిపడి లేచాడు. వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ కుర్చీ. మందుల కిటికీలోంచి తల బయటపెట్టిన అమ్మాయి నవ్వడం లేదు. గోడవారన బెంచీల మీదున్న రోగుల్లో కూడా ఒక్కరూ నవ్వలేదు.

"ఎవరండీ?"

"ఇద్రిస్ గారు."

"బయటికి వెళ్ళారా?"

"కిందటేడు పోయారు," అందా అమ్మాయి. "కూర్చోవాలనుంటే ఆ పక్క స్టూలుంది డాక్టర్ గారూ."

ఆ అమ్మాయి పేరు ఎలెరి. కొండ మీది కూమ్‌హెలిగ్ శాఖలో, విడివిడిగా వచ్చిన ఆ మొదటి రోజున, వాళ్ళిద్దరి తొలి పరిచయం అదే.

గెథిన్ ఆ వారమే లాన్‌వెరిన్ దవాఖానాలో చేరాడు. పెద్ద దవాఖానా లోయలో ఉంది. బస్సులు ఎక్కని కొండపల్లెల్లో దానికి చిన్న శాఖలున్నాయి. గొర్రెలను వదిలి జనం కిందికి రాలేరు కాబట్టి డాక్టరే పైకి పోవాలి. కూమ్‌హెలిగ్‌కి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు. ఎలెరి మందుల ట్రేలు కారు వెనక సర్దుతుంది, గెథిన్ నడుపుతాడు. కదల్లేనివాళ్ళ మందుల పొట్లాలు పోస్టాఫీసు కిటికీ దగ్గర ఇచ్చి, పాతబడిన బడి భవనం తలుపు తెరుస్తారు. అదే అక్కడి దవాఖానా.

"మీరు దయ్యాలను నమ్ముతారా?" ఒకరోజు దారిలో అడిగాడు గెథిన్.

"నమ్మను. కానీ మర్యాద ఇస్తాను."

"నాకు మాత్రం స్టూలిచ్చారు."

"మీరింకా బతికే ఉన్నారుగా!"

పోయిన ఇద్రిస్ భార్య బ్లోద్వెన్ మామ్మ. జబ్బేమీ లేకపోయినా వారానికి రెండుసార్లూ వచ్చేది. ఆ కుర్చీ పక్కనే కూర్చుని, గొర్రెల ధరలూ వానల సంగతులూ మెల్లగా చెప్పుకునేది. మధ్యలో ఆగేది. అవతలివాళ్ళ మాట వింటున్నట్టు తల ఊపేది.

"ఇంట్లో మాట్లాడరా మామ్మగారూ ఆయన?" అని అడిగాడొకసారి.

"ఇంటికి రారు నాయనా. ఇక్కడికే వస్తారు. చలి మొదలైనప్పట్నుంచే."

చలి ముదిరింది. పొగమంచు కిటికీ అద్దాలకు మొహం ఆనించి లోపలికి చూస్తున్నట్టుండేది. తలుపులన్నీ బిగించి గ్యాస్ హీటర్ వెలిగించేవాళ్ళు. కాసేపటికి అందరి గొంతులూ తగ్గిపోయేవి. మేడ లేని ఆ బడి భవనంలో తల మీద అడుగుల చప్పుడు వినిపించేది. పిల్లలు ఒకే మూలకు చూసి ఏడ్చేవాళ్ళు.

"నన్నెవరో పేరుపెట్టి పిలుస్తుంటారు," అంది ఎలెరి ఒకనాడు మాత్రలు లెక్కపెడుతూ. "తిరిగి చూస్తే మీరుంటారు."

"నేను పిలవలేదే!"

"తెలుసు. మీరు పిలిస్తే తిరిగి చూడను."

గెథిన్ నవ్వాడు. గుండె దడదడలాడింది. ఆ గదిలో ఉన్నంతసేపూ అంతే: దడ, కణతల దగ్గర పోటు, కళ్ళ ముందు మసక. ప్రేమంటే తలనొప్పి కూడానని ఎవరూ చెప్పలేదే అనుకున్నాడు. తిరుగు దారిలో కారు అద్దం దించగానే అన్నీ తగ్గేవి. మొదటి మలుపుకే దిగిపోయే ప్రేమేం ప్రేమని లోలోపల నొచ్చుకునేవాడు.

ఆ శుక్రవారం గాలి పూర్తిగా ఆగిపోయింది. మంచులో దారి కనిపించక రోగులు పెద్దగా రాలేదు. చివరికి బ్లోద్వెన్ మామ్మ ఒక్కతే మిగిలింది. గెథిన్ తన గదిలో కూర్చుని పిలుద్దామనుకుంటుండగా బయట మామ్మ కిలకిల నవ్వింది. ఆ నవ్వుకు బదులుగా ఒక మగ గొంతు బరువుగా ఏదో అంది.

గెథిన్ తలుపు తీశాడు.

కుర్చీలో మనిషున్నాడు. తడిసిన కోటు, బురద బూట్లు, వంచిన తల.

గెథిన్ వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. 'నాకూ కనిపిస్తున్నాడా?' అనుకున్నాడు. వెంటనే అతనిలోని డాక్టరు మేలుకున్నాడు. ఇంతమందినీ ఒకే దయ్యం పట్టిందంటే, ఇంతమందీ పీల్చేది ఒకే గాలి! హీటర్ వైపు చూశాడు. నీలంగా ఉండాల్సిన మంట పసుపుపచ్చగా ఊగుతోంది. పక్కన గోడంతా మసి.

"ఎలెరీ! తలుపు తియ్యండి!"

ఎలెరి పలకలేదు. మందుల కిటికీ గట్టు మీద తల వాల్చి ఉంది. మామ్మ చిరునవ్వుతోనే పక్కకు ఒరిగిపోయింది.

తలుపు తేమకు ఉబ్బి బిగుసుకుంది. గెథిన్ కాళ్ళు తేలిపోతున్నాయి. చేతికందేది ఆ కుర్చీ ఒక్కటే. మనిషి ఇంకా అందులోనే ఉన్నాడు.

"క్షమించండి ఇద్రిస్ గారూ," అని కుర్చీ ఎత్తి కిటికీకేసి కొట్టాడు.

అద్దం భళ్ళున పగిలింది. చల్లటి మంచు లోపలికి దూకింది. గెథిన్ హీటర్ ఆర్పి, ఇద్దరినీ ఒక్కొక్కరిగా ఎత్తి కిటికీలోంచి దాటించి తడి గడ్డి మీద పడుకోబెట్టాడు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన పోస్టాఫీసావిడ అంబులెన్సుకు ఫోన్ చేయడానికి వెనక్కి పరుగెత్తింది. కార్లో ఉన్న ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే. మాస్కు ముక్కుకు ఆనించగానే ఎలెరి కళ్ళు తెరిచింది. పక్కన మామ్మను చూసి, చేత్తో దాన్ని తోసేసింది.

"ముందు ఆవిడకి."

"నోరు మూసుకుని పీల్చండి!"

"నోరు మూసుకుంటే... ఎలా పీల్చాలి?"

అంత భయంలోనూ గెథిన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మాస్కు మామ్మకు పెట్టాడు. రెండో చేత్తో ఎలెరి మణికట్టు పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు.

ముగ్గురూ బతికారు. వేసవిలో కాకులు హీటర్ పొగ పోయే చిమ్నీలో గూడు కట్టాయట. పొగ పైకి పోయే దారి లేక, వాసన కూడా లేని ఆ విషవాయువు గదిలోకే తిరిగొచ్చేది. తల మీద అడుగులూ, పిలిచే గొంతులూ దాని పనే.

మర్నాడు ఆస్పత్రి వరండాలో ఎలెరి దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"ఒక సంగతి చెప్పాలి," అన్నాడు గెథిన్. "ఆ గదిలో నా గుండె కొట్టుకుంటే మీ వల్లే అనుకున్నాను. గ్యాస్ వల్లని తేలింది."

"పోన్లెండి. జబ్బు తెలిసింది."

"తెలియలేదు. ఇక్కడ గ్యాస్ లేదు. ఇంకా కొట్టుకుంటోంది."

ఎలెరి దుప్పటి అంచు సర్దుకుంది.

"ఇప్పుడు నేనేం చెప్పినా విషవాయువు మాట్లాడిందంటారు. తల తేలికయ్యాక చెబుతాను."

కూమ్‌హెలిగ్ శాఖ చర్చి వెనక గదికి మారింది. మామ్మ మాత్రం రాలేదు. ఆమెకు మందులిచ్చి వద్దామని ఇద్దరూ కొండ మీది ఇంటికి నడిచి వెళ్ళారు. మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది, మంచుకి.

మామ్మ టీ ఇచ్చింది, ఎండుద్రాక్షల రొట్టె కోసింది. గెథిన్ మొహం మాత్రం చూడలేదు.

"నన్ను బతికించావు నాయనా. కాదనను. కానీ ఆయన్ని పంపించేశావు."

ఎలెరి లేచి వెళ్ళి మామ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"మీరాయన్ని మొదట ఎక్కడ చూశారు మామ్మా?"

"గొర్రెల సంతలో. నా పాదం తొక్కాడు, వెధవ!" మామ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "వాన వస్తోందని గొడుగిచ్చి, తను తడుస్తూ పోయాడు..."

పొయ్యి దగ్గర పడుకున్న ముసలి కుక్క చటుక్కున తలెత్తింది. లేచి, కుంటుకుంటూ తలుపు దగ్గరికి పోయింది. తోక ఊపింది. వాకిట్లో మంచు తప్ప ఏమీ లేదు. కుక్క మెడ సాచి, ఎవరో నిమురుతుంటే నిలబడినట్టు, కళ్ళు మూసుకుని కదలకుండా నిలబడింది. తరవాత ఎవరి వెంటో వచ్చినట్టు మెల్లగా లోపలికి వచ్చి, మామ్మ ఎదుట ఖాళీ చోటుకు ఆనుకుని పడుకుంది.

గెథిన్ కిటికీ వైపు చూశాడు. తెరిచే ఉంది. గాలి శుభ్రంగా ఉంది.

"పొద్దుపోతోంది, ఇక మీరు బయల్దేరండి," అంది మామ్మ నెమ్మదిగా. ఆమె మొహంలో బిగువు సడలిపోయింది. "అమ్మాయ్, ఇతను మంచివాడే. కుర్చీ విరగ్గొట్టే ముందు క్షమించమన్నాడట."

గెథిన్ కోటు తొడుక్కుంటూ ఆగిపోయాడు. "మీరు స్పృహలో లేరు మామ్మగారూ. ఎలెరికీ స్పృహ లేదు. ఎవరు చెప్పారు?"

మామ్మ ఆ ఖాళీ చోటు వైపు ఇంకో కప్పు జరిపి టీ పోస్తోంది.

ఇద్దరూ బయటికొచ్చి కొండ దిగసాగారు. మంచులో వెనక ఇల్లు మాయమైంది. కంచె గేటు దగ్గర ఎలెరి ఆగి, చల్లటి వేళ్ళతో అతని చెయ్యి పట్టుకుంది.

"నా తల తేలికైంది, గెథిన్."