ఎక్స్‌ప్రెస్ బండిలో కునుకు

కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న అమ్మాయిని లేపడం ఎంత పెద్ద నేరమో సారంగపాణికి ఆ పొద్దున దాకా తెలియదు.

"ఏమండీ, జర ఒక్క నిమిషం."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్లో టిఫిన్ డబ్బా, దాని మీద రెండు చేతులూ. బయట తుంపర పడుతోంది. గాలికి లోపలికి కొట్టిన చినుకులు ఆమె ముంగురుల మీద వాలి, నుదుటి మీదికి జారి, కనురెప్ప దగ్గర కాసేపు ఆగి, ఏం చేయాలో తోచనట్టు చెంప మీదికి దిగుతున్నాయి. అయినా లేవలేదు.

"ఏమండీ!"

ఈసారి కళ్లు తెరిచింది. పెద్ద కళ్లు. ఎర్రగా ఉన్నాయి.

"వరంగల్ వచ్చిందా?"

"లేదండి. ఇంకా పెండ్యాల కూడా దాటలే."

"మరి ఎందుకు లేపిన్రు?"

"ఒక్క మాట అడుగుదామని. పొద్దున డ్యూటీలకు పోయేటోళ్లను టైముకు చేర్చేది ఈ బండొక్కటే. దీనికే ఛార్జీ ఎక్కువ. ఇది న్యాయమేనా? మీరే చెప్పుర్రి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముఖం నిండా ఉత్సాహం.

"న్యాయమే" అంది. మళ్లీ కళ్లు మూసుకుంది.

ఎమర్జెన్సీ పోయిన రెండేళ్లకు జరిగిన సంగతి ఇది. సారంగపాణి సుబేదారిలో ఒక సర్కారు ఆఫీసులో క్లర్కు. స్టేషన్ ఘన్‌పూర్‌లో అన్నావదినల ఇంట్లో ఉంటూ రోజూ రైల్లో కాజీపేట దాకా వెళ్లి, అక్కణ్ణుంచి బస్సెక్కేవాడు. పొద్దున రెండు బండ్లు. మొదటిది ప్యాసింజర్. సీజన్ టికెట్ మీద చవగ్గా పోవచ్చు గానీ, బొగ్గు గూడ్సుకు దారి ఇచ్చి, ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చి, దాని ఇష్టం వచ్చినప్పుడు చేరుతుంది. రెండోది ఎక్స్‌ప్రెస్. చెప్పిన టైముకు దింపుతుంది. కానీ దాంట్లో సీజన్ టికెట్ చెల్లదు, ఎక్కువ పెట్టి వేరే టికెట్ కొనాలి.

ఆఫీసులో సూపరింటెండెంటు చేత రోజూ మాటలు పడీ పడీ విసిగిపోయిన సారంగపాణి, తనలాంటి వాళ్లను పోగేసి రోజువారీ ప్రయాణికుల సంఘం పెట్టాడు. పొద్దుటి ఎక్స్‌ప్రెస్‌లో కూడా సీజన్ టికెట్ చెల్లాలన్నది వాళ్ల కోరిక. ఆ రోజు ఎక్స్‌ప్రెస్ వాళ్ల మద్దతు అడుగుదామని టికెట్ కొని మరీ ఎక్కాడు. మొట్టమొదటి మద్దతు ఇలా దొరికింది.

మర్నాడు ఘన్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఆమే కనబడింది. పేరు వరలక్ష్మి అని టీ కొట్టు మొగిలి చెప్పాడు. నేతగాళ్ల వాడలో సాంబమూర్తి కూతురట.

ప్యాసింజర్ ఎప్పటిలాగే రాలేదు. సారంగపాణి టీ గ్లాసు పట్టుకుని ఆమెకు కాస్త దూరంలో నిలబడ్డాడు. 

"మీ బండి ఇంకా రాలేదా?" ఆమే అడిగింది, పట్టాల వైపు చూస్తూ.

"మాది పేదోళ్ల బండి. మీ దొరల బండికి దారిచ్చినంకనే వస్తది."

"ఈ దొరసాని పొద్దుగాల ఇంట్ల నీళ్లు చేది, వండిపెట్టి వచ్చింది."

"అయితే న్యాయమని ఎట్లన్నరు?"

"ఛార్జీ ఎక్కువ కాబట్టే ఆ బండిల కూసునే జాగ ఉన్నది. తక్కువ చేస్తే అందరెక్కుతరు. అందరెక్కితే నేనెక్కడ కూసోవాలె?"

"అంటే మీ ఒక్కరి సీటు కోసం..."

"సీటు కోసం కాదు, నిద్ర కోసం." అతని వైపు తిరిగింది. "నేను వరంగల్ టెలిఫోన్ ఎక్స్చేంజిల ఆపరేటర్ను. పొద్దందాక హలో, నంబర్ చెప్పండి, లైన్ల ఉండండి. ఇంటికిపోతే అమ్మకు ఉబ్బసం, కూసుంటే లేవదు. నాయిన మగ్గం దిగడు. తెల్లారకముందు లేస్త, అందరు పన్నంక నేను పండుకుంట. నా బతుకుల నాదని చెప్పుకునేది ఆ బండిల అరగంట కునుకు. చీరలు కొనను, సిన్మాలకు పోను, దానికే పెడతాన. గది గూడ మీ సంఘం గుంజుకుంటదా?"

సారంగపాణి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు మొగిలికి ఇచ్చాడు.

ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఆమె ఎక్కుతూ చిన్నగా నవ్వి అంది: "జర అలిసిపోయి ఉన్న. కోపం కాదు."

ఆ నవ్వు అసలు నవ్వో కాదో తేల్చుకోలేక అతను ఆ రోజు ఆఫీసులో రెండుసార్లు తప్పులు రాశాడు.

అప్పట్నుంచి ప్లాట్‌ఫారం మీద రోజూ పది నిమిషాల వాదన. ఆకలైనవాడికి అన్నం రేటు పెంచినట్టే ఇదీ అని అతనంటే, రేటు పెంచకుంటే కుండ మీద పడి తొక్కుకుంటరు కదా అని ఆమె. ఒక్కోసారి ఆమెకు వాదించే ఓపిక కూడా ఉండేది కాదు.

"ఇయ్యాల మీరే గెలిచిండ్రు, పోర్రి" అనేది.

"ఊకె గెలిస్తే మజా లేదు. జర మాట్లాడుర్రి."

"పొద్దంత మాట్లాడుడే నా పని."

"అయితే నేను మాట్లాడత, మీరు వినుర్రి."

"వినుడు గూడ డ్యూటీనే, పాణి గారూ."

పాణి గారూ అన్నది. పూర్తి పేరు పిలవడానికి ఓపిక లేకనో, మరెందుకనో. అతను మాత్రం ఆ రోజు ప్యాసింజర్ ఎంత లేటుగా వచ్చిందో పట్టించుకోలేదు.

శ్రావణంలో ఒక పొద్దున ఎక్స్‌ప్రెస్ కదిలి వెళ్లిపోయాక వరలక్ష్మి పరుగెత్తుకుంటూ వచ్చింది. జడ సగమే అల్లి ఉంది. రాత్రంతా తల్లికి ఆయాసమట. ఇక ప్యాసింజరే దిక్కు.

ప్యాసింజర్ వచ్చింది. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. సారంగపాణి ముందు ఎక్కి, భుజాలతో సందు చేసి, ఆమెను లోపలికి నెట్టుకొచ్చాడు. తలుపు దగ్గర ఆకుకూరల గంపతో మల్లవ్వ కూర్చుని ఉంది. రోజూ వరంగల్ మార్కెట్‌కు తోటకూర, గోంగూర మోసుకెళ్లే ముసలమ్మ.

పెండ్యాల దాటగానే బండి ఆగింది. ఎంతకీ కదలదు. మల్లవ్వ చెంబులో చేయి ముంచి ఆకుల మీద నీళ్లు చల్లుతూ కూర్చుంది.

"ఎందుకవ్వా, వాన పడతనే ఉన్నది గద?" అడిగింది వరలక్ష్మి.

"లోపల ఉడుకపోత బిడ్డా. బండి చేరేటాలకు ఆకు తల వాలుస్తది. పొద్దుగాల బేరం పొద్దుగాలనే. ఎండెక్కినంక ఎవలు కొంటరు? సగం బర్రెలకేసి వస్త."

"ఎక్స్‌ప్రెస్‌ల పోరాదు?"

"దాని టికెట్టుకే అమ్మింది సరిపోతది. ఇగ నేను తినేదేంది?"

పక్కన పార పట్టుకుని నిలబడ్డ కూలీ మనిషి ఎవరితోనూ కాకుండా అన్నాడు: "ఇయ్యాల అడ్డ మీద పని దొరకది. మల్ల ఇంటికే."

సారంగపాణి వరలక్ష్మికి కూర్చునే చోటు కోసం చుట్టూ చూశాడు. అతను నోరు తెరిచేలోపే మల్లవ్వ గంప జరిపి, చీర చెంగుతో నేల తుడిచి, "కూసో బిడ్డా. మొఖం చూడు, ఎట్ల పీక్కపోయిందో" అని చేయి పట్టి లాగింది. కూర్చున్న కాసేపటికే వరలక్ష్మి తల ముసలమ్మ భుజం మీదికి వాలింది. మల్లవ్వ కదలకుండా, ఒక్క చేత్తోనే నీళ్లు చల్లుకుంటూ కూర్చుంది.

ఆలస్యంగా వచ్చినందుకు ఆ రోజు ఆమెకు ఎక్స్చేంజిలో మెమో ఇచ్చారు.

తర్వాతి వారం రైల్వే పెద్ద ఆఫీసరొకాయన తనిఖీకి ఘన్‌పూర్ వచ్చాడు. సంఘం వాళ్లంతా ప్లాట్‌ఫారం మీద చుట్టుముట్టారు. సారంగపాణి ఇంగ్లీషులో బట్టీపట్టి వచ్చిన ఉపన్యాసం మొదలుపెట్టాడు. సగంలో ఆఫీసరు చేయెత్తాడు.

"మీ బాధ అర్థమైంది. కానీ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులు ఎక్కువ డబ్బు పెట్టేది సుఖంగా పోదామని. రద్దీ పెరిగితే వాళ్లు ఊరుకుంటారా? రోజూ ఎక్స్‌ప్రెస్‌లో పోయేవాళ్లు ఒక్కరైనా మీతో ఉన్నారా?"

ఎవరూ లేరు.

"నేను పోతాన సార్."

వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. సన్నగా, స్పష్టంగా, ట్రంక్ కాల్ కలిపినట్టు. జనం తప్పుకున్నారు. వరలక్ష్మి టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"నేను రోజూ ఎక్స్‌ప్రెస్‌లనే పోత. వీళ్లు ఎక్కితే నాకు సీటు దొరకది, ఎరుకే. అయినా ఎక్కనియ్యుర్రి. సుఖం కోసం అయితే ఎక్కువ తీసుకోర్రి సార్, పనికి టైముకు పోవుడు సుఖం కాదు గద."

ఎక్స్‌ప్రెస్ వచ్చింది, ఆమె ఎక్కి వెళ్లిపోయింది.

దసరా లోపే ఉత్తర్వు వచ్చింది. పొద్దుటి ఎక్స్‌ప్రెస్‌లో సీజన్ టికెట్ చెల్లుతుంది. సంఘం వాళ్లు సారంగపాణికి బంతిపూల దండ వేశారు. మల్లవ్వ తోటకూర కట్టలు రెండు అతని చంకలో పెట్టి, "సల్లగుండు బిడ్డా" అంది.

మొదటి రోజు దండ వాసన ఇంకా చొక్కాకు ఉండగానే అతను ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. జనమే జనం. నవ్వులు, కేకలు, గంపలు. ఎవరో "పాణన్న జిందాబాద్" అన్నారు. అందరినీ పలకరిస్తూ, తోసుకుంటూ తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

వరలక్ష్మి తలుపు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. నిలబడే నిద్రపోతోంది. బండి ఊగినప్పుడల్లా తల ఇనుప గోడకు తగులుతోంది. తగిలినప్పుడు కళ్లు తెరుస్తోంది, మళ్లీ మూస్తోంది. వాన జల్లు చీర అంచును తడిపేసింది.

లోపలికి తిరిగి, "ఎవరన్న జర లేవుర్రి, ఆడమనిషి నిలబడ్డది" అని అడిగాడు. ఎవరూ లేవలేదు. కొందరు కిటికీలోంచి పొలాలు చూశారు. వాళ్లూ తెల్లారకముందు లేచినవాళ్లే.

అతను వెళ్లి ఆమెకూ తలుపుకూ మధ్య నిలబడ్డాడు. జల్లు అతని వీపు మీద పడసాగింది.

"తడుస్తాన్నరు" అంది ఆమె, కళ్లు పూర్తిగా తెరవకుండానే.

"నేను గెలిచిన. మీరు నిలబడ్డరు."

"న్యాయం జరిగితే అందరికీ సీటు దొరుకుతదని ఎవరన్నరు? మల్లవ్వ ఆకు ఇయ్యాల పచ్చగ చేరుతది. ఫికర్ చెయ్యకుర్రి."

"చేస్తాన. ఏం చేసుకుంటరు?"

ఆమె ఏమీ చేసుకోలేదు. కాజీపేట వచ్చింది. అతను దిగలేదు.

"మీ స్టేషన్" అంది.

"ఎరుకే."

వరంగల్‌లో ఇద్దరూ దిగారు. ఇద్దరి మధ్య ఒకటే గొడుగు, అదీ ఒక పుల్ల విరిగింది. ఎక్స్చేంజి దాకా నడిచారు. దారంతా అతను గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు.

"పాణి గారూ, మైకు లేకుంటే మాట రాదా?"

"సుబేదారిల కిరాయికి ఒక ఇల్లు చూసిన. రెండర్రలు, వంటిల్లు, వాకిట్లనే నీళ్ల నల్లా. అక్కణ్ణుంచి మీ ఎక్స్చేంజికి సిటీ బస్సే. రైలెక్కే పని లేదు."

"ఎవరికి?"

"నాకు. మీకు. మనకు."

గొడుగు విరిగిన వైపు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆమె మెల్లగా అంది: "నాకు అలుపు ఎక్కువ. ముచ్చట్లు చెప్పలేను. కోపమొస్తది. అమ్మ దవాఖాన ఖర్చు నాదే. వాళ్లను ఇడిసిపెట్టి నేను ఏడికీ రాను."

"వాళ్లు ఉండటానికే గద రెండో అర్ర."

ఆమె ఆగి అతని ముఖంలోకి చూసింది. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఈసారి నవ్వు మాత్రం అసలు నవ్వే, అందులో అతనికి అనుమానం లేదు.

"నాయిన ఒప్పుకోడు. బిడ్డ ఇంట్ల ఉండనంటడు. ఐతారం నాడు రార్రి. ఉపన్యాసం చెప్పకుర్రి, నిమ్మళంగ అడుగుర్రి."

ఆదివారం సారంగపాణి వదినను వెంటబెట్టుకుని వెళ్లాడు. సాంబమూర్తి మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. వదిన సంబంధం మాట ఎత్తింది. కులం ఒకటే, ఊరొకటే, ఉద్యోగం ఉంది. దానికి ఆయన తలూపాడు. సుబేదారి ఇంటి సంగతి రాగానే చేయి ఆగింది.

"బిడ్డ పెండ్లి చేసి పంపిత్తా. అల్లుని ఇంట్ల కూసోని తినుడు నాతోని కాదు" అన్నాడు. మంచం మీద తల్లి యాదవ్వ దగ్గు ఆపుకుంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరలక్ష్మి గడప దగ్గర నిలబడి నేల చూస్తోంది.

సారంగపాణికి చెప్పాలనుకున్న మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. అన్నీ మింగేసి గుంత పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మామా, మాకు అమ్మానాయిన లేరు. ఆమె రోజూ నిలబడి నిద్రపోతాంది. నేను చూడలేకపోతాన. కూసోని తినమంటలేను. మీరు లేకుంటే ఆమె రాదు. ఆమె రాకుంటే నాకు ఆ ఇల్లెందుకు?"

సాంబమూర్తి మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. దారపు నాడె పోగుల మధ్య రెండుసార్లు అటూ ఇటూ పోయింది. మూడోసారి దాన్ని ఆపి పట్టుకున్నాడు. కూతురి వైపు చూశాడు. ఆమె కళ్ల కింద నల్లటి చారలు అప్పుడే కొత్తగా కనబడినట్టు చాలాసేపు చూశాడు.

తర్వాత సారంగపాణి వైపు తిరిగి, కసురుకున్నట్టే అడిగాడు:

"ఆ ఇంటాయన అర్రల మగ్గం గుంత తవ్వనిస్తడా?"